అస్సాం తేయాకు తోటలు, ఖడ్గమృగాలు, అహోం కట్టడాలు: నిదానంగా చూడాలంటే ఏ నెలలో వెళ్ళాలి?

కిటికీసీటు:
అందరికీ నమస్కారం. అమ్మని తీసుకుని అస్సాం వెళ్దామనుకుంటున్నాను. ఆవిడకి 68. నడక పర్వాలేదు, మెట్లూ కుదుపులూ అంటేనే ఇబ్బంది. తేయాకు తోటలో కొన్నాళ్ళు ఉండాలని, ఖడ్గమృగాలుండే కాజీరంగా పార్కు, అహోం రాజుల కట్టడాలున్న శివసాగర్ తీరిగ్గా చూడాలని కోరిక. రోజుకో హోటల్ మారే ప్యాకేజీలు వద్దు. అడిగిన ఏజెంట్లందరూ డిసెంబర్ అంటున్నారు. అదే మంచి టైమా?

డికాషన్_బాబాయ్:
డిసెంబర్ జంతువులకి మంచిదే, టీకి కాదు. చలికాలంలో మొక్క చిగురు వేయదు. తోటల్లో కొమ్మలు కత్తిరిస్తుంటారు, ఫ్యాక్టరీలో మెషీన్లు విప్పి రిపేర్లు చేసుకుంటుంటారు. పోనీ అస్సాం టీకి పేరు తెచ్చిన సెకండ్ ఫ్లష్, అంటే ఏడాదిలో రెండో విడత చిగురు, చూద్దామా అంటే అది మే, జూన్‌లో. అప్పటికి కాజీరంగా మూసేస్తారు. బ్రహ్మపుత్ర పొంగిందంటే పార్కులో చాలా భాగం నీళ్ళలోనే ఉంటుంది మరి. రెండూ కలిసొచ్చేది నవంబర్‌లో, లేదంటే మార్చి మధ్య నుంచి ఏప్రిల్ దాకా. నా ఓటు మార్చి చివరికి.

ఏరు_దాటాక:
నవంబర్‌ని అంత తేలిగ్గా తీసెయ్యకండి బాబాయ్ గారూ. కార్తీక పౌర్ణమికి బ్రహ్మపుత్ర మధ్యలోని మజులి లంకలో రాస్ ఉత్సవం. వైష్ణవ గురువు శంకరదేవుడి సంప్రదాయంలోని సత్రాల్లో (మన సత్రాలు కాదు, అక్కడి వైష్ణవ మఠాలు) రాత్రంతా కృష్ణలీలలు ఆడతారు. సాముగురి సత్రంలో మాస్కులు చేసేవాళ్ళ దగ్గర కూర్చుంటే పొద్దు తెలియదు. వెదురు బద్దలతో తలకాయ అల్లి, మట్టిలో ముంచిన గుడ్డ చుట్టి, పేడ కలిపిన మట్టితో ముక్కూ కనుబొమలూ తీరుస్తారు. నరసింహుడి దవడ ఆడేట్టు కీలు పెడతారు, అది నా చేత్తో ఆడించి చూశాను. కాకపోతే ఆ రోజుల్లో మజులిలో గది దొరకడం గగనం.

డికాషన్_బాబాయ్:
రాస్ కోసమైతే నవంబరే, కాదనను. కానీ అప్పుడు కాజీరంగాలో ఏనుగు గడ్డి మనిషిని మించి ఉంటుంది. లోపల ఖడ్గమృగం నిలబడినా వీపు కనిపిస్తే గొప్ప. జనవరి, ఫిబ్రవరుల్లో ఆ గడ్డి తగలబెడతారు. మార్చికి లేత గడ్డి వస్తుంది, మేయడానికి అన్నీ బయటికి వస్తాయి. అదే టైముకి తోటల్లో మొదటి చిగురు. ఇంతకంటే ఏం కావాలి? అప్పుడప్పుడు గాలివాన పడుతుంది, గొడుగు పెట్టుకుంటే చాలు.

గడ్డిలో_కొమ్ము:
కాజీరంగా సంగతి నేను చెప్తాను. కోహోరా, బాగోరి, అగరతోలి అని వేరు వేరు రేంజిలు. ఖడ్గమృగాలకి బాగోరి, పక్షులకి తూర్పున ఉన్న అగరతోలి. టూర్ వాళ్ళు కోహోరాలో ఒక్క జీప్ రౌండ్ తిప్పి "అయిపోయింది" అంటారు. ఒక పూట వెళ్ళి, ఒక పూట రెస్ట్ తీసుకుని, మర్నాడు ఇంకో రేంజికి వెళ్తే అసలు పార్కు అర్థమవుతుంది. ఖడ్గమృగం పేడ వేయడానికి పదే పదే ఒకే చోటికి వస్తుంది. మా గైడ్ అలాంటి గుట్ట కనపడగానే ఇంజిన్ ఆపించి ఊరుకోమన్నాడు. కాసేపటికి గడ్డి కదిలింది. బురద ఎండిపోయిన చర్మం, మడతల అంచున పిచుకంత పిట్ట ఒకటి. ఖడ్గమృగం మమ్మల్ని చూసి కూడా తన పని తాను చూసుకుని వెళ్ళిపోయింది. వేటగాళ్ళు కాపు వేసేదీ ఇలాంటి గుట్టల దగ్గరేనని గైడ్ చెప్పాక మాత్రం ఆ సరదా కొంచెం దిగిపోయింది. 1905లో రిజర్వు చేసేనాటికి అంతరించే దశలో ఉన్న జంతువు, 2022 లెక్కల్లో ఈ పార్కులోనే 2,613.

ఏనుగు సఫారీ ఎక్కొద్దని నా సలహా. ఇది నా అభిప్రాయం మాత్రమే, ఎవరూ గొడవ పడకండి. అమ్మగారికి జీపులో ముందు సీటు అడగండి, వెనక కుదుపు ఎక్కువ.

బడిపంతులు_పెన్షన్:
శివసాగర్‌ని అందరూ రెండు గంటల్లో ముగించేస్తారు, అదే నా బాధ. 1228లో అహోం రాజ్యాన్ని స్థాపించిన సుకాఫా, బర్మా వైపు నుంచి పట్కాయి కొండలు దాటి వచ్చాడు. అతని వంశం దాదాపు ఆరు వందల ఏళ్ళు ఏలింది. మొఘలుల్ని 1671లో సరాయిఘాట్ దగ్గర బ్రహ్మపుత్రలోనే ఓడించి పంపింది వీళ్ళే. 1826లో బర్మా వాళ్ళతో బ్రిటిష్ వాళ్ళు చేసుకున్న యాండబో ఒప్పందంతో అస్సాం బ్రిటిష్ వాళ్ళ చేతికి పోయింది, ఆ తర్వాతే ఈ తోటలన్నీ. టీ కథ, అహోంల కథ వేరు వేరు కావు. మనవాళ్ళలో మొదటి టీ తోట యజమానిగా చెప్పుకునే మణిరాం దేవాన్, అహోం రాజుని మళ్ళీ గద్దె ఎక్కించాలని చూశాడని 1858లో జోర్హాట్‌లో ఉరి తీశారు.

శివసాగర్‌లో రాజుల ఆటల మంటపం రంగ్ ఘర్ పైకప్పు బోర్లించిన పడవలా ఉంటుంది. రాజులు పైనుంచి ఆటలు, గేదెల పోట్లాటలు చూసేవారట. చరాయిదేవ్‌లో రాజుల సమాధులు, మొయిదాంలు, పైకి పచ్చటి మట్టి దిబ్బలే. 2024లో యునెస్కో జాబితాలో చేర్చారు. ఉదయమే వెళ్ళండి, నీడ తక్కువ. మెట్ల బాధ కూడా పెద్దగా లేదు.

రెండాకులు_ఒకమొగ్గ:
తోట బంగళాలో దిగేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి. చాలా తోటల్లో గడియారం మనకంటే గంట ముందు నడుస్తుంది, బాగాన్ టైమ్ అంటారు. అక్కడ తెల్లారడం తొందర కాబట్టి బ్రిటిష్ కాలం నుంచీ అదే అలవాటు. "ఏడింటికి ఫ్యాక్టరీకి రండి" అంటే ఏ ఏడో అడిగి తెలుసుకోండి. ఆకుని వాడబెట్టే తొట్ల దగ్గర పచ్చి వాసన, రోలర్లు దాటాక వేరే వాసన, డ్రయ్యర్ దగ్గర మనకి తెలిసిన టీ వాసన. ముక్కుతోనే ప్రాసెస్ మొత్తం అర్థమైపోతుంది. అన్నట్టు ఆకుని నలిపి, చింపి, చిన్న గుళ్ళుగా చుట్టే సీటీసీ పద్ధతి 1930లలో పుట్టింది అస్సాంలోని అమ్‌గురి తోటలోనే.

ఇంకోటి. ఒకప్పటి గంజాం, విశాఖ జిల్లాల నుంచి కూలికి తీసుకెళ్ళినవాళ్ళ వారసులు ఇప్పటికీ అక్కడి తోటల్లో ఉన్నారు. లేబర్ లైన్ల (కూలీల ఇళ్ళ వరసల) పక్కనుంచి వెళ్తూ మేం తెలుగులో మాట్లాడుకుంటుంటే ఒక ముసలావిడ ఆపి "ఏ ఊరు మీది?" అంది. యాస మనకి పట్టుబడదు, మాటలు మాత్రం మనవే. కాసేపు కూర్చోబెట్టి ఉప్పు వేసిన టీ ఇచ్చింది. ఫోన్ తీసి ఫొటోలు కొట్టడానికి మనసొప్పలేదు. మీరు కూడా కొట్టకండి, వాళ్ళ ఇళ్ళు మనకి టూరిస్ట్ స్పాట్లు కాదు కదా.

గడ్డిలో_కొమ్ము:
జోర్హాట్ దగ్గర హూలోంగాపార్ సంగతి మర్చిపోయారు, ఎవరూ చెప్పలేదు. చుట్టూ తోటలు, మధ్యలో చిన్న అడవి. మన దేశంలో ఉన్న తోకలేని కోతి జాతి గిబ్బన్ ఒక్కటే, అది ఇక్కడ ఉంది. మగది నలుపు, ఆడది గోధుమ రంగు. పొద్దున్నే జంటగా అరుస్తాయి, ఆ అరుపుని బట్టి గార్డు దారి తీస్తాడు. అడవిని చీలుస్తూ రైలు పట్టాలు పోతాయి. కొమ్మల మీద తప్ప నడవని జంతువుకి అది నదితో సమానం. దట్టంగా ఉంటే జలగలు, పొడుగు సాక్సులు వేసుకోండి.

కిటికీసీటు:
చాలా థాంక్సండీ. మార్చి చివర్లోనే అనుకుంటున్నాం. జోర్హాట్ దగ్గర తోటలో ఒక మకాం, కాజీరంగాలో ఒకటి, ఇంతే. శివసాగర్ జోర్హాట్ నుంచి వెళ్ళి రావచ్చు కదా? మజులికి పడవ అంటే అమ్మకి కొంచెం టెన్షన్.

ఏరు_దాటాక:
శివసాగర్‌కి పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేయొచ్చు. కాకపోతే చరాయిదేవ్ కూడా కలిపితే అలిసిపోతారు, రెండు రోజులుగా విడగొట్టండి. మజులికి జోర్హాట్ దగ్గరి నిమాతి ఘాట్‌లో పెద్ద ఫెర్రీ ఎక్కండి, చిన్న మోటారు పడవ వద్దు. ఇసుకలో పలక మీదుగా ఎక్కాలి, చెయ్యి పట్టుకునేవాళ్ళు అక్కడే ఉంటారు. తిరుగు పడవ సాయంత్రం దాకా ఉంటుందని నమ్ముకోకండి. దిగగానే ఆ రోజు ఆఖరి పడవ ఎప్పుడో అడిగి, అప్పుడు సత్రాల వైపు బండి మాట్లాడుకోండి.

డికాషన్_బాబాయ్:
గువాహటి నుంచి జోర్హాట్‌కి జనశతాబ్ది రైలుంది, అమ్మగారికి కారు కంటే అదే సుఖం. కాజీరంగాకి మాత్రం కారే. ఆ హైవే మీద జంతువులు దాటే చోట్ల స్పీడ్ లిమిట్ ఉంటుంది, డ్రైవర్‌ని తొందర పెట్టకండి. టీ కొనేటప్పుడు ఆర్థడాక్స్ (ఆకుని చింపకుండా చుట్టినది) పాలు లేకుండా తాగడానికి, సీటీసీ ఇంట్లో రోజువారీకి. రెండూ కొంచెం కొంచెం తెచ్చుకోండి.