సముద్రంలో గాలిమరలు: ధరకు హామీ ఇవ్వాలా, వేలంపాటకే వదిలేయాలా?

కడలిగాలి:
సముద్రం మీద పవన విద్యుత్ పెరగాలంటే ప్రభుత్వం కరెంటు ధరకు హామీ ఇచ్చి తీరాలి. ఎవరు ఎక్కువ పాడితే వాళ్లకు స్థలం రాసిచ్చే పద్ధతి ఎక్కువ కాలం నిలవలేదు. 2023లో జర్మనీ 7 గిగావాట్ల స్థలాలు వేలం వేస్తే 1,260 కోట్ల యూరోలకు పాట వెళ్లింది. 2025 ఆగస్టులో అదే దేశం మళ్లీ పిలిస్తే ఒక్కరూ రాలేదు. అంతకుముందు డిసెంబరులో డెన్మార్క్ పిలిచిన 3 గిగావాట్ల టెండరుదీ అదే గతి. 1991లో విండెబీ దగ్గర సముద్రంలో 11 గాలిమరలు నిలబెట్టి లోకానికి దారి చూపిన దేశమది!

లెక్కల మాస్టారు:
హామీ అంటే నష్టం జనం నెత్తిన, లాభం కంపెనీ ఖాతాలో. 2022లో బ్రిటన్‌లో కరెంటు రేట్లు మండిపోతుంటే, కొన్ని కంపెనీలు ధర హామీ ఒప్పందం మొదలయ్యే తేదీని వాయిదా వేసుకుని బయట మార్కెట్లో అమ్ముకున్నాయి. వాళ్లకా జనం డబ్బుతో భరోసా?

కడలిగాలి:
మాస్టారూ, మీ కోపం న్యాయమే. కానీ అది వాయిదాకు వీలిచ్చిన నిబంధన లోపం. దాన్ని తీసేయాలి. హామీ అంటే, ఒప్పంద ధర కంటే మార్కెట్ ధర తగ్గితే తేడా కంపెనీకి ఇస్తారు, పెరిగితే కంపెనీయే తిరిగి కడుతుంది. అసలు కిటుకు వడ్డీలో ఉంది. గాలికి ఇంధనం ఖర్చు లేదు, దాదాపు పెట్టుబడంతా ముందే అప్పు తెచ్చి పెట్టాలి. రేపటి ధర తేలకపోతే బ్యాంకు వడ్డీ పెంచుతుంది, ఆ వడ్డీ చివరికి మన బిల్లులోనే తేలుతుంది. 2023లో బ్రిటన్, హామీ ధర మెగావాట్ అవరుకు, అంటే వెయ్యి యూనిట్లకు, 2012 నాటి ధరల్లో 44 పౌండ్లు మించకూడదంది. అప్పటికే ఉక్కు, వడ్డీ రెండూ పెరిగి ఉన్నాయి. సముద్రం మీద కట్టే ప్రాజెక్టు ఒక్కటీ రాలేదు. మరుసటి ఏడాది హద్దు 73కి పెంచాక వచ్చాయి.

సబ్‌స్టేషన్:
ఇద్దరూ ధర దగ్గరే ఆగిపోయారు. కేబుల్ సంగతేంటి? జర్మనీ తీరంలో రిఫ్‌గాట్ అని 30 గాలిమరలున్న క్షేత్రం ఉంది. 2013 వేసవికల్లా కట్టేశారు. కేబుల్ వేయాల్సిన దారిలో, సముద్రం అడుగున రెండో ప్రపంచ యుద్ధం నాటి పేలుడు సామగ్రి బయటపడింది. దాన్ని ఏరేసి కరెంటు ఒడ్డుకు చేర్చేసరికి 2014 ఫిబ్రవరి. అన్నాళ్లూ ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా డీజిల్ జనరేటర్లు పెట్టి ఆ మరలను తిప్పారు. కేబుల్ దారి సర్వే అయ్యాకే టెండరు పిలవాలని నేనంటాను. ఓడరేవుల సంగతీ అంతే, ఈ మరల బరువు మోసే రేవు లేకుండా లక్ష్యాలు ప్రకటించడం ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టే.

కడలిగాలి:
ఒప్పుకుంటున్నాను. సర్వే ఖర్చు ప్రభుత్వమే భరించాలి, ఎవరు గెలిచినా పనికొచ్చేది అదే.

లెక్కల మాస్టారు:
వాయిదా హక్కు తీసేసి, కేబుల్ తేదీ ఒప్పందంలోనే రాస్తే హామీకి నేను అడ్డు చెప్పను. కానీ గరిష్ఠ ధర ఏ లెక్కన కట్టారో వేలానికి ముందే జనం ముందు పెట్టాలి. అక్కడ మాత్రం తగ్గను.