రాత్రిపూట ‘డ్రాకులా’ చదవడం ఎలా?

నేను పర్లాకిమిడి వాసిని. 1897లో వెలువడిన బ్రామ్ స్టోకర్ నవల ‘డ్రాకులా’ను పట్టుకుని ఇరవై రోజులైనా, 27 అధ్యాయాల్లో తొమ్మిదోది దాటలేకపోతున్నాను. అందులోని డ్రాకులా ప్రభువు తన కోటగోడ మీద తలకిందులుగా బల్లిలా పాకుతూ దిగే ఘట్టం చదివిన రాత్రి, పెరటి చింతచెట్టు మీది గబ్బిలం రెక్కల చప్పుడుకే పుస్తకం మూసి, మహేంద్రతనయ నది గాలి కోసం తెరచి ఉంచే కిటికీకి సైతం గడియ వేసుకున్నాను (నలభై దాటిన మనిషిని, చెప్పుకోవడానికే సిగ్గు). కథంతా దినచర్యలు, ఉత్తరాలు, తంతివార్తలుగా సాగడం వల్ల, పగలు కొద్దికొద్దిగా చదివితే ఎవరి రాత ఎక్కడ ఆగిందో మరచిపోతున్నాను. రాత్రి ఏకబిగిన చదివితే నిద్ర పట్టడం లేదు. ముందే ముగింపు చూసుకోమని మా చెల్లెలు అంటోంది గాని, అది నాకు రుచించదు. దీనిని పూర్తిచేసినవారు ఏ వేళ, విడతకు ఎంత చదివారో, కథ బయటపెట్టకుండా దయచేసి తెలుపగలరు.