ట్రైనింగ్‌లో సరిగ్గా చేస్తున్నారు, బడికెళ్లాక తప్పిపోతోంది

మా మండలంలో 22 మంది టీచర్లకు పాఠాలు, వర్క్‌షీట్లు ఆన్‌లైన్‌లో పంపే యాప్ గూగుల్ క్లాస్‌రూమ్ నేర్పిస్తున్నాను. మూడు శనివారాలు, రెండేసి గంటలు అయ్యాయి. కోడ్‌తో చేరడం, పాఠం పెట్టడం వచ్చేశాయి. చిక్కంతా వర్క్‌షీట్ దగ్గరే. ప్రతి విద్యార్థికీ విడి కాపీ వెళ్లాలంటే పోస్ట్ చేసే ముందే ఆ ఆప్షన్ ఎంచుకోవాలి, తర్వాత మార్చడం కుదరదు. హాల్లో అందరూ చేస్తారు. సోమవారం బడిలో మాత్రం చూడటానికే వీలయ్యేలా పంపేస్తున్నారు, పిల్లలు జవాబులు రాయలేకపోతున్నారు. గత వారం 14 మందికి ఇదే జరిగింది.

ప్రొజెక్టర్ మీద చూపించాను, వాట్సాప్‌లో వీడియో పంపాను, తెలుగులో స్టెప్పులు ప్రింట్ తీసి ఇచ్చాను. ఒక సీనియర్ మేడమ్ ఆ కాగితం హాజరు పట్టీలో పెట్టుకుని మరీ ప్రయత్నించారు. వాళ్ల శ్రద్ధలో లోపం లేదు.

టీచర్లకు శిక్షణ ఇచ్చినవాళ్లు చెప్పండి: ఈ ఒక్క స్టెప్పు అలవాటయ్యేలా మీరు ఎలాంటి ప్రాక్టీస్ చేయించారు?