పసిపిల్లల విటమిన్ డి చుక్కలు: మి.లీ. చూసి కాదు, ఐయూ చూసి పోయండి

నాగర్‌కర్నూల్_అమ్మ
రెండు నెలల పాపకు విటమిన్ డి చుక్కలు రోజూ 1 మి.లీ. అని చీటీలో రాశారు. షాపులో ఆ కంపెనీది లేదని వేరే సీసా ఇచ్చారు. దీని మీద 1 మి.లీ.లో 800 ఐయూ అని ఉంది. ఇది కూడా 1 మి.లీ. పోయాలా? ఇంట్లో పెద్దవాళ్లేమో నూనె రాసి పొద్దున్న ఎండలో పడుకోబెడితే చాలు, ఈ మందులెందుకు అంటున్నారు. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

పాలమూరు_మందులషాపు
అక్కా, ఆ సీసా అయితే 0.5 మి.లీ. మాత్రమే. మి.లీ. అనేది మందు ఎంత పోశామన్న కొలత, ఐయూ అనేది అందులో విటమిన్ ఎంతుందన్న కొలత. 1 మి.లీ. పోస్తే రోజూ రెండింతలు పడుతుంది. ఒకటి రెండు రోజులు అట్ల పోసి ఉన్నా భయపడకండి, రేపటి నుంచి సరిచేసుకోండి.

నెలలు నిండి పుట్టిన బిడ్డకు మొదటి ఏడాదంతా రోజుకు 400 ఐయూ. కొన్ని డబ్బాల మీద ఐయూ బదులు మైక్రోగ్రాములు వేస్తారు. 10 మైక్రోగ్రాములన్నా 400 ఐయూ అన్నా ఒకటే. చీటీలో 1 మి.లీ. అని రాసినప్పుడు డాక్టర్ మనసులో ఉన్నది 400 ఐయూ సీసా. కంపెనీ మారితే కొలత కూడా మారాలి. కౌంటర్ దగ్గర గిరాకీ ఎక్కువున్నప్పుడు ఆ మాట చెప్పడం మరిచిపోతారు, పొరపాటు అక్కడే మొదలవుతుంది. డబ్బా వెనక కొలెకాల్సిఫెరాల్ (విటమిన్ డి3కి ఇంకో పేరు) అన్న పేరు వెతికి, దాని ఎదురుగా ఉన్న అంకె చూడండి. ఆ అంకె ఎన్ని మి.లీ.కి వేశారో కూడా చూడండి. 1 మి.లీ.కి 400 ఉంటే 1 మి.లీ., 800 ఉంటే అర.

మూడో రకం సీసాలు ఇంకా జాగ్రత్తగా చూడాలి. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చే వాటిల్లో కొన్ని ఒక్క చుక్కలోనే 400 ఐయూ ఉండేవి. వాటికి ‘రోజుకు ఒక చుక్క’ అంతే. ఇక్కడి అలవాటుతో డ్రాపర్ నింపి 1 మి.లీ. పోస్తే పది వేల ఐయూ దాటిపోతుంది. ఆ సీసా ఇంట్లో ఉంటే దాని మీద పెన్నుతో ‘ఒక్క చుక్క’ అని పెద్దగా రాసి పెట్టండి.

నల్గొండ_పిల్లల_వార్డు
పై మాటకు ఇది కలపాలి. అసలు ప్రమాదం 60,000 ఐయూతో. పెద్దవాళ్లకు వారానికి ఒకటి చొప్పున రాసే పొడి ప్యాకెట్లు, గుళికలు, 5 మి.లీ. చిన్న సీసాలు ఉంటాయి కదా, అవి. బాలింతకు రాసిన సీసా, పాపకు రాసిన సీసా ఒకే సంచిలో ఇంటికి వస్తాయి. 5 మి.లీ.లో 60,000 అంటే 1 మి.లీ.లో 12,000. పసిబిడ్డకు నెల రోజుల డోసు అది. మొత్తం సీసా పోస్తే 150 రోజుల డోసు ఒక్కసారిగా లోపలికి పోయినట్టు. ఇట్లాంటివి వారాల తరబడి పడితే రక్తంలో కాల్షియం పెరుగుతుంది. బిడ్డ పాలు సరిగా తాగదు, వాంతులు చేసుకుంటుంది, మలబద్ధకం వస్తుంది, మూత్రం ఎక్కువ పోసి ఒళ్లు ఎండిపోతుంది, మందకొడిగా పడుంటుంది, బరువు పెరగదు. కిడ్నీల్లో కాల్షియం పేరుకునే దాకా కూడా పోవచ్చు. వీటిని చాలామంది ‘పాలు పడలేదు’ అనుకుని రోజులు గడిపేస్తారు. అనుమానం వస్తే చుక్కలు ఆపి, సీసా చేతిలో పట్టుకుని దవాఖానకు రండి. సీసా చూస్తేనే ఎంత పడిందో లెక్క తేలుతుంది.

డాక్టర్ చెప్పకుండా ఆరు నెలల లోపు పిల్లలకు రోజుకు 1,000 ఐయూ, ఆరు నెలల నుంచి ఏడాది దాకా 1,500 ఐయూ దాటనివ్వకూడదు. ఇది పై హద్దు. ఇవ్వాల్సిన డోసు 400 మాత్రమే.

మిర్యాలగూడ_ల్యాబ్
డబుల్ కావడానికి ఇంకో దారి ఉంది. పాపకు మల్టీవిటమిన్ చుక్కలు కూడా రాసి ఉంటే అందులో డి కలిసి ఉంటుంది. కాల్షియం సిరప్‌లలోనూ చాలావాటిలో ఉంటుంది. మూడు సీసాల వెనక రాసింది చదివి, రోజు మొత్తం ఎంతో కూడండి. కూడితే 400 దాటుతుంటే ఏది ఆపాలో డాక్టర్‌ను అడగండి.

దేవరకొండ_ఏఎన్ఎం
చెల్లె, ఊళ్లల్ల ఎక్కువ కలగలిపేది విటమిన్ ఏ, విటమిన్ డి. తొమ్మిది నెలలకు తట్టు టీకాతో పాటు మేం తాగించేది విటమిన్ ఏ, 1 మి.లీ.లో లక్ష ఐయూ. తర్వాత ప్రతి ఆరు నెలలకు 2 మి.లీ., ఐదేండ్ల దాకా. అది తాగినంక ‘విటమిన్ పడింది, ఇక చుక్కలు బంద్’ అంటరు. అట్ల బంద్ పెట్టొద్దు. ఏ వేరు, డి వేరు. ఇంకోటి, అదే సీసా తెచ్చి ఇంట్ల పోస్తమని అడగొద్దు. విటమిన్ ఏ ఎక్కువైనా చెడ్డదే. ఆరు నెలల నుంచి వారానికి రెండుసార్లు 1 మి.లీ. ఇచ్చే ఐరన్ సిరప్ కూడా వేరే లెక్క. మూడింటి పేర్లు టీకా కార్డు వెనక రాసి పెట్టుకోండ్రి.

నాగర్‌కర్నూల్_అమ్మ
అందరికీ కృతజ్ఞతలు. ఎలా పోయాలో కూడా చెప్పండి. పాలసీసాలో కలిపితే సులువుగా ఉంటుంది కదా?

నల్గొండ_పిల్లల_వార్డు
పాలసీసాలో కలపొద్దమ్మా. బిడ్డ సీసా మొత్తం తాగదు, అడుగున మిగిలిన పాలతో పాటు మందు కూడా మిగిలిపోతుంది. నూనెలో కలిపిన మందు అయితే ప్లాస్టిక్‌కు అంటుకుంటుంది. తల్లిపాలు తాగే బిడ్డకు దీనికోసమని సీసా అలవాటు చేయడం అసలే వద్దు.

సబ్బుతో చేతులు కడుక్కోండి. మందు నీళ్లలా ఉంటే అట్లనే, అడుగున చిక్కగా దిగితే బాగా ఊపి, ఆ డబ్బాలో వచ్చిన డ్రాపర్‌తోనే తీయండి. డ్రాపర్‌ను కంటి ఎత్తుకు తెచ్చి గీత దగ్గర చూడండి, మధ్యలో గాలి బుడగ ఉంటే మళ్లీ వదిలి తీయండి. బుడగ ఉందంటే ఆ మేరకు మందు తక్కువ పడుతుంది. పాపను ఒడిలో తల కొంచెం ఎత్తుగా పట్టుకుని, దవడ లోపలి వైపుకు కొద్దికొద్దిగా వదలండి. నాలుక మీద సూటిగా గొంతులోకి పోస్తే పొలమారుతుంది. ఏడుస్తున్నప్పుడు, పడుకోబెట్టి, ముక్కు మూసి పోయడం మాత్రం ఎవరూ చేయకూడదు. పాలకు ముందైనా తర్వాతైనా పర్వాలేదు. రోజూ ఒకే వేళ పెట్టుకుంటే మరిచిపోరు, స్నానం చేయించాక పాలిచ్చే వేళ చాలామందికి కుదురుతుంది.

ఒక రోజు మరిచిపోతే మర్నాడు మామూలు డోసే, రెండింతలు కాదు. పోసిన వెంటనే పాలు కక్కినా మళ్లీ పోయక్కర్లేదు. ఈ విటమిన్ ఒంట్లో నిల్వ ఉంటుంది, ఒక రోజుతో ఏమీ కాదు.

వనపర్తి_నాన్న
తల్లి రోజూ విటమిన్ డి మాత్ర వేసుకుంటే పాల ద్వారా బిడ్డకు పోతుంది కదా, వేరేగా ఎందుకు?

గద్వాల_పీహెచ్‌సీ
పోతుంది కానీ సరిపోదు. లీటరు తల్లిపాలలో మామూలుగా వంద ఐయూ కూడా ఉండదు, పసిబిడ్డ రోజుకు తాగేది లీటరు కంటే తక్కువే. తల్లి రోజూ 6,400 ఐయూ వేసుకుంటే పాల ద్వారా బిడ్డకు చాలినంత చేరుతుందని పరిశోధనలో తేలింది, కాని ఇక్కడ మామూలుగా రాసే డోసు అది కాదు, సొంతంగా మొదలుపెట్టేది అంతకన్నా కాదు. దీన్నిబట్టి తల్లిపాలకు వంక పెట్టకండి. ఆరు నెలల దాకా తల్లిపాలే, పక్కన ఈ చుక్క ఒక్కటి.

డబ్బాపాలు తాగే పిల్లలకు అందులోనే డి కలిపి ఉంటుంది. రోజుకు దాదాపు లీటరు తాగితే విడిగా అవసరం ఉండకపోవచ్చు. చిన్న బిడ్డలు అంత తాగరు కాబట్టి ఎంత తాగుతోందో చెప్పి డాక్టర్‌ను అడగండి.

ఇక ఎండ సంగతి. పెద్దలను తప్పుపట్టకండి, నూనె మర్దన, వెచ్చని ఎండ బిడ్డకు హాయిగానే ఉంటాయి. కాని చర్మంలో విటమిన్ డి తయారు చేసే కిరణాలు పొద్దున ఏడింటికి దాదాపు ఉండవు. మన నీడ మన ఎత్తుకన్నా పొట్టిగా ఉన్నప్పుడే అవి చాలినంత దిగుతాయి, అంటే సుమారు పది నుంచి మూడు దాకా. పాలమూరు, నల్గొండల్లో ఏప్రిల్, మే నెలల్లో ఆ వేళకు బయట 40 డిగ్రీలు దాటుతుంది. రెండు నెలల బిడ్డను అక్కడ పెట్టేదెట్లా? లేత చర్మం కమిలిపోతుంది, వడదెబ్బ తగులుతుంది. కిటికీ అద్దం లోంచి పడే ఎండ అసలు పనికిరాదు, ఆ కిరణాలను అద్దం ఆపేస్తుంది. అందుకే ఇంత ఎండ కాసే నేలలోనూ పిల్లలకు చుక్కలు కావాలి.

మునుగోడు_నీళ్లు
మా వైపు ఒక మాట తప్పక చెప్పాలి. కాళ్లు వంకర కనిపిస్తే అందరూ ఫ్లోరైడ్ అంటారు. ఇది ఫ్లోరైడ్ నేలే, నీళ్లలోంచి దాన్ని తీసే పటిక, సున్నం పద్ధతికి లోకమంతా నల్గొండ పేరే పెట్టుకుంది. కాని ఏడాది లోపు తల్లిపాలు తాగే బిడ్డ ఎముకలు మెత్తబడితే మొదట అనుమానించాల్సింది విటమిన్ డి. తల్లి తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్నా పాలలోకి వచ్చేది అతి కొద్ది. డబ్బాపాలు బోరు నీళ్లతో కలిపితే మాత్రం ఆ నీళ్లలో ఉన్నదంతా బిడ్డ కడుపులోకే పోతుంది. మరగబెడితే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. పాలు కలపడానికి మిషన్ భగీరథ నల్లా నీళ్లు కాచి వాడండి. కాల్షియం తక్కువగా తినే పెద్ద పిల్లల్లో ఫ్లోరైడ్, డి లోపం రెండూ కలిసి వస్తే ఎముకల వంకర ఎక్కువవుతుంది.

నాగర్‌కర్నూల్_అమ్మ
విటమిన్ డి తక్కువైందని గుర్తుపట్టేదెట్లా? రక్తపరీక్ష చేయించాలా?

మిర్యాలగూడ_ల్యాబ్
బాగున్న బిడ్డకు పరీక్ష అక్కర్లేదు, చుక్కలు పోస్తే చాలు. డాక్టర్ రాస్తే చేసేది 25 హైడ్రాక్సీ విటమిన్ డి, అంటే రక్తంలో డి ఎంతుందో చూపే పరీక్ష. 1 మి.లీ.కి 20 నానోగ్రాముల పైన ఉంటే సరిపడా ఉన్నట్టు, 12 నుంచి 20 తక్కువ, 12 లోపు లోపం. రిపోర్టు కింద పెద్దవాళ్ల హద్దు 30 అని అచ్చువేసి ఉంటుంది, దాన్ని చూసి 24 ఉన్న పాపకు పెద్ద డోసులు మొదలుపెట్టే తల్లిదండ్రులు ఉన్నారు. అది అనవసరం. యూనిట్లు కూడా చూడండి. నానోమోల్ అని ఉంటే రెండున్నరతో భాగిస్తేనే ఈ అంకెలతో పోల్చడం కుదురుతుంది.

గద్వాల_పీహెచ్‌సీ
కనిపించేవి ఇవి: మణికట్టు దగ్గర ఎముక లావెక్కడం, పక్కటెముకలు ఛాతీ మీద కలిసే చోట పూసల వరుసలా తగలడం, నుదురు ముందుకు రావడం, మాడు పూడకపోవడం, పళ్లు, కూర్చోవడం ఆలస్యం కావడం. రెండేళ్ల లోపు కాళ్లు కొంచెం వంగి ఉండటం మామూలే, ఒక్క దాన్ని బట్టి నిర్ణయించకండి. తల్లికి డి బాగా తక్కువుంటే మొదటి నెలల్లోనే బిడ్డకు కాల్షియం పడిపోయి ఫిట్స్ రావచ్చు. చేతులు కాళ్లు కొట్టుకున్నా, పిడికిళ్లు బిగుసుకున్నా 108 పిలవండి. నోట్లో ఏమీ పోయొద్దు.

రికెట్స్ (డి తక్కువై ఎముకలు మెత్తబడే జబ్బు) అని తేలితే చికిత్స డోసు వేరు. ఏడాది లోపు బిడ్డకు రోజుకు 2,000 ఐయూ, మూడు నెలలు, దాంతో పాటు రోజుకు 500 మి.గ్రా. కాల్షియం, డాక్టర్ చూస్తూ ఉండగా. తర్వాత మళ్లీ 400కే రావాలి. ఇక్కడే మళ్లీ తప్పు జరుగుతుంది, మూడు నెలల చీటీతో ఏడాది వాడేస్తారు. నెలలు నిండక పుట్టిన పిల్లలకు 400 నుంచి 800 దాకా అవసరం పడొచ్చు, డిశ్చార్జి కాగితంలో రాసిందే పాటించండి. ఫిట్స్ మందులు వాడే పిల్లల గురించి కూడా డాక్టర్‌కు ముందే చెప్పండి.

దేవరకొండ_ఏఎన్ఎం
ఆరు నెలలు నిండి రాగిజావ మొదలుపెట్టంగనే చుక్కలు ఆపుతరు. రాగుల్లో కాల్షియం ఉంటది, డి ఉండదు. గుడ్డు పచ్చసొనలో ఉన్నది కొంచమే. ఏడాది నిండే దాకా ఆపొద్దు. ఏడాది దాటినంక అవసరం 600 ఐయూ, చుక్కలా తిండా అన్నది అప్పుడు డాక్టర్‌ను అడిగి నిర్ణయించుకోండ్రి.

నాగర్‌కర్నూల్_అమ్మ
చివరిగా ఒకటి. 15 మి.లీ. సీసా ఎన్ని రోజులు వస్తుంది? మా ఇల్లు రేకులది, ఎండకాలంలో మందు పాడవుతుందా?

పాలమూరు_మందులషాపు
మీ 800 ఐయూ సీసా, రోజుకు 0.5 చొప్పున 30 రోజులు. 400 ఐయూ సీసా అయితే 15 రోజులే. ఈ లెక్క కన్నా బాగా ముందే అయిపోతే ఎక్కువ పోస్తున్నట్టు, బాగా దాటినా మిగిలితే మరిచిపోతున్నట్టు. మూత తీసిన రోజు తేదీ సీసా మీద రాయండి, తీశాక ఎన్నాళ్లు వాడొచ్చో డబ్బా మీద ఉంటుంది. రేకుల ఇంట్లో అటక మీద, పొయ్యి దగ్గర, కిటికీలో పెట్టొద్దు. వేడికీ వెలుతురుకీ విటమిన్ బలం తగ్గుతుంది. డబ్బాలోనే ఉంచి, మంచినీళ్ల కుండ పక్కన చల్లని మూల పెట్టండి. ఫ్రిజ్‌లో పెట్టొచ్చని దాని మీద రాసి ఉంటే తలుపులో పెట్టండి, గడ్డకట్టే అరలో వద్దు. డ్రాపర్‌ను పాప నోటికి తాకించి ఉంటే మరిగించి చల్లార్చిన నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే మళ్లీ సీసాలో పెట్టండి.