కీమోకీ కీమోకీ మధ్య ఇంట్లో ఎలా నెట్టుకొస్తున్నారు?

కరీంనగర్_పిల్ల: అమ్మకి రొమ్ము క్యాన్సర్. రెండో కీమో అయింది, ఆ ఎర్ర మందే. మళ్లీ 21 రోజులకి రమ్మన్నారు. అప్పటిదాకా ఏం పెట్టాలి? రాత్రి జ్వరమొస్తే? చూడ్డానికొచ్చే చుట్టాలను ఎలా ఆపాలి?

గోదారోడు: ఒంటేలు ఎర్రగా వస్తే హడలిపోకండి, అది మందు రంగు. ఒకట్రెండు రోజుల్లో పోతుంది. మాకీ ముక్క ఎవరూ చెప్పలేదు, ఇంట్లో ఒకటే ఏడుపులు. పోపు వాసనకే మా ఆవిడకి వాంతి, చల్లారిన ఇడ్లీ ఒక్కటే దిగేది.

సుజాత_నెల్లూరు: పరగడుపున బొప్పాయి ఆకు రసం పట్టించమ్మా. మా మామయ్యకి ప్లేట్‌లెట్లు ఇట్టే పెరిగాయి.

డేకేర్_సిస్టర్: మళ్లీ మొదలెట్టారా! కీమో వార్డులో పదేళ్లు చేశాను, వినండి. అసలు భయం తెల్లకణాలు తగ్గడంతో, క్రిములతో పోరాడేవి అవే. కీమో అయ్యాక వారం నుంచి రెండు వారాల మధ్య బాగా పడిపోతాయి. అప్పుడు పచ్చి ఆకు నూరి తాగిస్తే క్రిములూ లోపలికే. జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే తెల్లారేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి ఫోన్. ముందే పారాసిటమాల్ వేస్తే జ్వరం కనబడకుండా పోతుంది.

సుజాత_నెల్లూరు: మా మామయ్య లక్షణంగా తిరుగుతున్నాడు సిస్టర్‌గారూ. మీ పదేళ్లు మీ దగ్గరే ఉంచుకోండి.

డేకేర్_సిస్టర్: ఆయనకొచ్చింది డెంగీనా, క్యాన్సరా?

సుజాత_నెల్లూరు: డెంగీ. అయితే ఏంటట?

గోదారోడు: 😂😂

సుజాత_నెల్లూరు: నవ్వండి, నవ్వండి. మంచి చెప్పడం నాదే తప్పు.

ఖమ్మం_రాజు: రసం గొడవ ఆపండక్కా. మేం రైల్లో వెళ్లొస్తాం. రాయితీ ఫారం మీద ఆసుపత్రిలో సంతకం, ముద్ర వేయించుకుంటే స్లీపర్, థర్డ్ ఏసీల్లో పేషెంటుకి టికెట్ డబ్బులుండవు, తోడెళ్లేవాళ్లకి పావు వంతే. మాతో వచ్చేవాళ్లలో సగం మందికి తెలీదు.

గోదారోడు: ఆరోగ్యశ్రీలో బస్సు ఛార్జీలు కూడా ఇస్తారా రాజుగారూ?

కరీంనగర్_పిల్ల: అయ్యా, మా పెద్దమ్మవాళ్లు రేపు జీపు కట్టుకుని వస్తున్నారు. ఎనిమిది మంది. ఒక పిల్లాడికి జలుబు. ముందు దీని సంగతి చెప్పండి!

డేకేర్_సిస్టర్: జలుబు పిల్లాణ్ని గుమ్మం ఎక్కనివ్వద్దు. మీ నాన్నగారి చేత ఫోన్ చేయించండి, డాక్టరే వద్దన్నారని. మీరు చెబితే పొగరంటారు.

సుజాత_నెల్లూరు: ఈ ఒక్కటీ కరెక్టే. మామిడికాయ పచ్చడి తెస్తారేమో, అది మాత్రం గేటు దగ్గరే తీసుకో తల్లీ, నువ్వు తిందువుగాని.