బరితెగించినదా, తెగించినదా?

గుణుపురం నుంచి ప్రశ్న:

అందరికీ నమస్కారం. ఫోన్‌లో చదువుకునే ఒక యాప్‌లో సీరియల్ రాస్తున్నాను. డార్క్ రొమాన్స్ థ్రిల్లర్. తన అన్నను చంపించాడని అనుమానమున్న జీడిపప్పు వ్యాపారి దగ్గర నాయిక లెక్కలు రాసే పనికి చేరుతుంది. పగ తీర్చుకుందామని వచ్చి అతన్నే ప్రేమిస్తుంది. అలాగని పగ వదలదు. దొంగ సంతకాలు పెడుతుంది, ఏ పాపం తెలియని ఒక కుర్రాణ్ణి జైలుకు పంపుతుంది. అయినా చదివేవాళ్ళు ఆమె వైపే ఉంటున్నారు. అట్టబొమ్మ కింద ఈమెను ఒక్క ముక్కలో పరిచయం చేయాలి. ‘మోరల్లీ గ్రే హీరోయిన్’ అని పెట్టడం ఇష్టం లేదు. ‘బూడిదరంగు నాయిక’ అని ఒకరు, ‘విషకన్య’ అని ఇంకొకరు సలహా ఇచ్చారు. ఒక పాఠకుడైతే ‘బరితెగించిన ఆడది’ అని కామెంట్ పెట్టాడు. మీరేమంటారు మాస్టారూ?

పర్లాకిమిడి నుంచి జవాబు:

అమ్మా, ‘బూడిదరంగు నాయిక’ అసలు వద్దు. ఇంగ్లీషువాళ్ళకు అది తెలుపుకూ నలుపుకూ మధ్య రంగు. మనకు బూడిద అంటే కాలిపోగా మిగిలింది. ‘బూడిదపాలైంది’ అంటాం, ‘బూడిదలో పోసిన పన్నీరు’ అంటాం. అట్ట మీద ఆ మాట చూస్తే ఈమె బతుకు నాశనమైందనుకుంటారే గానీ, మంచికీ చెడుకీ మధ్య నిలబడిందని ఎవరికీ తట్టదు.

‘విషకన్య’ బరువున్న మాటే. కానీ ముద్రారాక్షసం అనే సంస్కృత నాటకంలో ఆ అమ్మాయి సంగతేమిటో చూడండి. చంద్రగుప్తుణ్ణి చంపడానికి నందుల మంత్రి రాక్షసుడు ఆమెను ప్రయోగిస్తే, చాణక్యుడు పర్వతకుడనే రాజు మీదికి మళ్ళించాడు. ఆమెకు పేరు లేదు. రంగం మీదికి రాదు, ఒక్క మాటా మాట్లాడదు. ఒకడు వేసిన బాణాన్ని ఇంకొకడు తిప్పాడు, అంతే. మీ నాయికను ఎవరూ పంపలేదు. తనే వచ్చింది, తనే నిర్ణయాలు తీసుకుంటోంది. ఆ పేరు పెడితే ఆ నిర్ణయాలన్నీ ఆమె చేతిలోంచి లాగేసినట్టే.

పాత అలంకారశాస్త్రం చెప్పిన అష్టవిధ నాయికల్లో వెతికినా ఈమె దొరకదు. వాసకసజ్జిక, విప్రలబ్ధ, ఖండిత, ప్రోషితభర్తృక... ప్రియుడు వస్తాడా, రాలేదా, మోసం చేశాడా, దూరదేశం వెళ్ళాడా అన్నదాన్ని బట్టి పెట్టిన పేర్లే ఇవన్నీ. అలిగి పంపేసి ఆనక ఏడ్చే కలహాంతరిత, తానే బయల్దేరి వెళ్ళే అభిసారిక మాత్రం ఏదో ఒకటి చేశారు. ఆ చేసిందీ అతని చుట్టూనే తిరుగుతుంది.

పోనీ జనం నోటి మాటలు తీసుకుందామా? నంగనాచి, టక్కులాడి, మాయలాడి, వగలాడి, కిలాడి, తేనె పూసిన కత్తి. ఎన్ని ఉన్నాయో! అన్నీ బయట నిలబడి ఎవరో వేసిన ముద్రలే. ఇందులో ‘నంగనాచి’ని మాత్రం వదులుకోవద్దు. అన్నీ తెలిసి ఏమీ తెలియనట్టుండే మనిషికి ఇంతకంటే మంచి మాట లేదు. మొదటి అధ్యాయాల్లో ఆమె తల వంచుకుని లెక్కల పుస్తకం రాసుకుంటుంటే, పక్క బల్ల గుమస్తా చేత ఆ మాట అనిపించండి.

ఇక మీ పాఠకుడన్న ‘బరితెగించిన’. అందులో సగం మాట నాకు నచ్చింది. ‘బరి’ తీసేయండి, ‘తెగించిన’ ఉంచండి.

మూలం ‘తెగు’. తాడు తెగుతుంది, సంబంధం తెగుతుంది. బేరం తెగిందంటే కుదిరిందని, తగువు తెగిందంటే తీరిందని. అక్కడి నుంచే తెగువ, తెగింపు, తెగబడటం, బరితెగించడం. తెగువ మెచ్చుకోలు. ‘దాడికి తెగబడ్డారు’ అని పేపర్లో వస్తే తిట్టు. తెగింపు మాత్రం రెండు వైపులా మొగ్గుతుంది.

ఎందుకలా మొగ్గుతుందో చూడండి. ‘తెగించింది’ అనగానే ‘దేనికి?’ అని అడుగుతాం. ఆ క్రియకు ముందు ‘కు’ చేరిన మాట ఒకటి రావాలి. ప్రాణాలకు తెగించింది అంటే దండం పెడతాం. హత్యకు తెగించింది అంటే భయపడతాం. క్రియ ఒకటే, తీర్పు దాని ముందున్న మాటలో ఉంది. ‘ఎంతకైనా తెగిస్తుంది’ అన్నారనుకోండి, తీర్పు ఇంకా రాలేదు. చదివేవాడు కథలోకి వెళ్ళి తేల్చుకోవాలి. బరితెగించడానికి ఈ సౌకర్యం లేదు. బరి అంటే గీసిన హద్దు. దేన్ని దాటిందో ఆ మాటలోనే ఉంది కాబట్టి ఇంకే ప్రశ్నా మిగలదు. తిట్టేసి తలుపు మూసేసినట్టే.

ఇంకో సంగతి నన్ను బాధపెడుతుంది. ‘తెగించినవాడికి తెడ్డే లింగం’ అన్నారు. ‘చావుకు తెగించినవాడికి సముద్రం మోకాలిబంటి’ అన్నారు. రెండు సామెతల్లోనూ ‘వాడు’. ఆడమనిషి దగ్గరికి వచ్చేసరికి అదే తెగింపు ముందు ‘బరి’ వచ్చి కూర్చుంటుంది.

అందరి నోటా అలాగే వస్తుందని కాదు. మా వైపు ఆడవాళ్ళు అనే తీరు వేరు. మొగుడు వదిలేసి పోతే, పుస్తెలు తాకట్టు పెట్టి బస్టాండు దగ్గర ఇడ్లీ బండి పెట్టుకున్న మనిషి ఒకామె ఉంది. అప్పు వసూలుకొచ్చినవాణ్ణి ఒకసారి అట్లకాడ తిప్పి తరిమేసింది. పక్కనే కూరలమ్మే ముసలామె ఆమెను చూపించి, ‘అది తెగించేసినాదమ్మా’ అంది. ఆ గొంతులో మెచ్చుకోలు ఉంది, కొంచెం బెదురు ఉంది, ‘ఇక దాని జోలికి పోకండి’ అన్న హెచ్చరిక కూడా ఉంది. మీ నాయికకు కావలసింది అదే గొంతు. గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్ళో పంతులుగా ఉండి, జనం మాట్లాడే భాషకే విలువ ఇవ్వాలని పోరాడారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు గానీ, ఆయన నిలబెట్టిన మాట మనతోనే ఉంది. కూరలమ్మే ఆమె వాడుక నాకు నిఘంటువంత ప్రమాణం.

బరంపురం నుంచి:

‘సాహసి’ అంటే సరిపోదా మాస్టారూ? ఒడియావాళ్ళకీ అర్థమవుతుంది.

జవాబు:

బాగా అడిగారండీ. సాహసానికీ రెండు ముఖాలున్నాయి, కాకపోతే ఒకటి చెరిగిపోయింది. పాత ధర్మశాస్త్రాల్లో సాహసం అంటే బలప్రయోగంతో చేసిన నేరం. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో జరిమానాలకు పూర్వ, మధ్యమ, ఉత్తమ సాహస దండాలని పేర్లు. చాణక్యనీతిలో ఆడవాళ్ళకు పుట్టుకతో వచ్చే దోషాలంటూ ‘అనృతం సాహసం మాయా’ అని మొదలయ్యే శ్లోకం ఉంది. ఆ శ్లోకాన్ని నేను ఒప్పుకోను. సాహసం అప్పుడు దోషాల జాబితాలో ఉండేదని చూపించడానికి మాత్రం పనికొస్తుంది. ఇవాళ బడిపిల్లలకు సాహస బాలల అవార్డులిస్తున్నాం. నేరం వాసన పూర్తిగా పోయింది. దొంగ సంతకం పెట్టిన మనిషిని సాహసి అంటే ఆమెను కడిగి శుభ్రం చేసినట్టవుతుంది.

రాయగడ నుంచి:

మా ఇంట్లో సగం ఒడియా. అందులో ‘ఛళనామయి’ అంటారు. వాడొచ్చా?

జవాబు:

మోసపుచ్చేది అని అర్థం, వినడానికి బాగుంటుంది. తెలుగులో చిక్కేమిటంటే, ‘ఛ’ ఒత్తు పోయి ‘చలం’ అయితే మనకది పట్టుదల, పంతం. ఒడియా తెలియని గుంటూరు పాఠకుడికి చేరదు. మీ ఒడియా పాత్ర చేత అనిపిస్తే అందంగా ఉంటుంది.

జయపురం నుంచి:

క్షమించండి, నాకు ఈ చర్చే నచ్చడం లేదు. ఇలాంటి కథల్లో వెంటపడటం, గదిలో బంధించడం, బెదిరించడం ప్రేమ అని రాస్తున్నారు. హాస్టల్ పిల్లలు రాత్రంతా చదువుతున్నారు. వీటికి అందమైన మాటలు వెతికిపెట్టడం అవసరమా?

జవాబు:

మీ ఆందోళన న్యాయమైనదమ్మా. అందుకే అందమైన మాట వద్దంటున్నాను. ‘తెగించింది’ అన్న మాట ఆమె చేసినదాన్ని దాచదు. దాచేవి వేరే ఉన్నాయి. అతను గదిలో పెట్టి తాళం వేస్తే ‘పొసెసివ్’ అని రాయడం, ఆమె ఒక కుర్రాడి బతుకు పాడుచేస్తే ‘తెలివిగా తప్పించుకుంది’ అని రాయడం. తాళం వేశాడని రాయాలి. దొంగ సంతకం పెట్టిందని రాయాలి. జైల్లో ఉన్న ఆ కుర్రాడి అమ్మ ములాఖత్‌కు వెళ్ళే సీను ఒకటి ఉండాలి. ఇవన్నీ చూశాక కూడా పాఠకుడు నాయిక వైపే ఉంటే, ఏం ఒప్పుకుంటున్నాడో తెలిసే ఉంటాడు. మొదటి పేజీలో ‘ఈ కథలో హింస, నిర్బంధం ఉన్నాయి, పెద్దలకు మాత్రమే’ అని అందరికీ తెలిసే తెలుగులో పెట్టమని గుణుపురం అమ్మాయికి నా మాటగా చెప్తున్నాను.

గుణుపురం నుంచి:

తప్పకుండా పెడతాను. జైలు సీను ఇప్పటిదాకా లేదు, రాస్తాను. అట్ట వాక్యం ఇలా అనుకున్నాను: ‘ప్రేమకూ తెగించింది, పగకూ తెగించింది.’

జవాబు:

‘పగకు’ లాగిపీకి సరిపెట్టొచ్చు. ‘ప్రేమకు తెగించడం’ మన వాడుకలో లేదమ్మా. చావు, అప్పు, పరువు పోవడం, నేరం, ఇలా మామూలు మనిషి భయపడి వెనక్కి తగ్గే వాటికే తెగిస్తాం. ఇలా మార్చి చూడండి: ‘అన్న కోసం వచ్చింది. అతని కోసం ఆగింది. ఇప్పుడు ఎంతకైనా తెగిస్తుంది.’

గుణుపురం నుంచి:

‘ఆగింది’ బదులు ‘ఉండిపోయింది’ అంటే?

జవాబు:

అదే మేలు. ఆగినవాళ్ళు మళ్ళీ కదులుతారు, ఉండిపోయినవాళ్ళ సంగతి చెప్పలేం. ఇక మీ కథలో ఎవరైనా ఆమెను తిట్టే చోట ఆ పాఠకుడి మాట నిక్షేపంగా వాడుకోండి. ‘బరి తెగించింది’ అని విడదీయకుండా ‘బరితెగించింది’ అని కలిపే రాయండి.