గ్రామీణ వైద్యంపై పరిశోధన: మొదటి ఏడాది ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (కొత్త సభ్యురాలు)

సభ్యులందరికీ నమస్కారం. హైదరాబాదులో ప్రజారోగ్యంలో పీజీ పూర్తిచేసి, ఈ ఆగస్టులో అమెరికా మిడ్‌వెస్ట్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీకి చేరాను. మా ఊళ్లో పీహెచ్‌సీ భవనం ఉండీ డాక్టరు లేని రోజులు చూసి పెరిగినదాన్ని కనుక, పల్లెలకు వైద్యం అందడం అనే అంశం మీదే పనిచేయాలని ఉంది. అయితే ఇక్కడి పల్లెల గురించి నాకేమీ తెలియదు. ఈ రంగంలో ఉన్నవారు దారి చూపగలరా?

జవాబు (పరిశోధకురాలు, మిన్నెసోటా)

స్వాగతం. పదిహేనేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను కనుక కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ఇక్కడ పల్లె అంటే ఏమిటో తేల్చుకోకుండా ఒక్క పట్టిక కూడా తయారుచేయవద్దు. మన దగ్గర ఊరంటే ఒకచోట గుంపుగా ఇళ్లు, చుట్టూ పొలాలు. ఇక్కడ చాలాచోట్ల పొలం మధ్యలో ఒక ఇల్లు, మైలు దూరాన మరొకటి కనిపిస్తాయి. అందుకని చాలామంది కౌంటీని (మన జిల్లా లాంటిది) ప్రమాణంగా తీసుకుంటారు, చిక్కంతా అక్కడే వస్తుంది. అరిజోనాలోని కొకొనినో కౌంటీలో ఫ్లాగ్‌స్టాఫ్ ఉన్నందువల్ల ఆ కౌంటీ మొత్తం మహానగర ప్రాంతంగా లెక్కకు వస్తుంది. రోడ్డు లేక, ఉత్తరాలు సైతం కంచరగాడిదల మీద చేరే సుపాయ్ గ్రామం కూడా ఆ లెక్కలో నగరమే. నా మొదటి వ్యాసం ఈ పొరపాటు వల్లనే వెనక్కి వచ్చింది, ఏడాది పని మళ్లీ చేయవలసి వచ్చింది. జనం రోజూ పనులకు ఎటు ప్రయాణిస్తారన్నదాన్ని బట్టి, కౌంటీకన్నా చిన్నవైన జనగణన ట్రాక్టుల వారీగా పల్లె, పట్నం తేడా చెప్పే రుకా కోడ్‌లను ముందుగా నేర్చుకోండి.

ఆ తరువాత ఆసుపత్రి డబ్బు లెక్క అర్థం చేసుకోవాలి. 1997 నాటి చట్టంతో ఏర్పడిన క్రిటికల్ యాక్సెస్ ఆసుపత్రులు, అంటే పల్లెల్లోని చిన్న ఆసుపత్రులు, 25 పడకలకు మించకూడదు, సాధారణంగా మరో ఆసుపత్రికి 35 మైళ్లకు పైగా దూరంలో ఉండాలి. ముఖ్యంగా వృద్ధులకు ఉన్న ప్రభుత్వ బీమా మెడికేర్ వాటికి అయిన ఖర్చును ఆధారం చేసుకుని చెల్లిస్తుంది. అయినా కాన్పుల విభాగాలు మూతపడుతూనే ఉన్నాయి. ఏడాదికి కొద్ది కాన్పులే జరిగేచోట కూడా నర్సులు, మత్తు డాక్టరు, శస్త్రచికిత్స చేయగలవారు రాత్రింబవళ్లు సిద్ధంగా ఉండాలి. పేదల బీమా అయిన మెడికెయిడ్ ప్రైవేటు బీమాకన్నా తక్కువ చెల్లిస్తుంది. మా రాష్ట్ర విశ్వవిద్యాలయంలోని గ్రామీణ ఆరోగ్య పరిశోధన కేంద్రం 2017లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 2004 నుంచి 2014 వరకు గ్రామీణ కౌంటీలలో 9 శాతం ఆసుపత్రి కాన్పుల సేవను కోల్పోయాయి, 45 శాతానికి ఆ కాలమంతటా అసలు ఆ సేవే లేదు. నొప్పులతో ఉన్న స్త్రీ మంచులో ఎంత దూరం కారులో వెళ్లాలో ఒక్కసారి ఊహించండి. మీ పరిశోధన ప్రశ్న దొరుకుతుంది. మూతపడిన ఆసుపత్రుల జాబితా కావాలంటే నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయంలోని షెప్స్ కేంద్రం నిర్వహిస్తున్నది చూడండి.

నిధుల విషయం ముందే తెలుసుకోవడం మేలు. ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ పీహెచ్‌డీ విద్యార్థులకు ఇచ్చే ఎఫ్31 ఫెలోషిప్ పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే. పీహెచ్‌డీ తరువాతి దశలో ఇచ్చే కే99 అవార్డుకు ఆ నియమం లేదు. మూడో ఏడాదిలో ఈ సంగతి తెలిసి బాధపడిన మన పిల్లలను చూశాను. వీలైనంత త్వరగా డ్రైవింగ్ కూడా నేర్చుకోండి, మీరు వెళ్లవలసిన ఊళ్లలో చాలావాటికి బస్సు ఉండదు.

జవాబు (డాక్టరు, కాన్సస్)

అమ్మా, పై జవాబుకు కొంత చేర్చాలని ఉంది. నేను జే1 అనే వీసా మీద రెసిడెన్సీ (ఆసుపత్రిలో వైద్య శిక్షణ) చేసి, ఆ వీసా షరతు ప్రకారం స్వదేశానికి తిరిగి వెళ్లకుండా ఉండడానికి వైద్యులు కొరవడిన ప్రాంతంలో మూడేళ్లు పనిచేసే కాన్రాడ్ పథకం కింద ఈ ఊరికి వచ్చాను. ఆ మూడేళ్లు గడిచినా వెళ్లబుద్ధి కాలేదు. చిన్న ఊళ్లలో మనవాళ్లయిన డాక్టర్లు మీకు తప్పక తారసపడతారు, ప్రేమగా మాట్లాడతారు. అయితే మా మాటనే ఊరి మాటగా రాసుకోవద్దు. నా దగ్గరికి వచ్చేవారే నాకు తెలుసు. డయాలసిస్‌కు వారానికి మూడుసార్లు అంత దూరం వెళ్లలేక మానేసినవారు, బిల్లుకు భయపడి ఇంట్లోనే ఉండిపోయినవారు నా గది దాకా రారు. వారి కోసం చర్చి భోజనాలకు, ధాన్యం కొనే సహకార సంఘానికి, గ్రంథాలయానికి వెళ్లండి. జూన్‌లో గోధుమ కోతల వేళ మాత్రం ఎవరినీ ఇంటర్వ్యూ అడగవద్దు. వెళ్లిన ప్రతిచోటికీ ఫలితాలు తీసుకుని తిరిగి వెళ్లండి. ప్రశ్నలు అడిగి మాయమైన బృందాలను మా ఊరు రెండుసార్లు చూసింది, మూడోసారి తలుపు తెరవడానికి ఊరివారికి మనసు రాలేదు.

ఇటువైపు వచ్చినప్పుడు మోటెల్ వెతుక్కోవద్దు. మా ఇంట్లో గది ఖాళీగా ఉంది, మా ఆవిడ ఆవకాయ కూడా పెట్టింది.